ఏరి పక్కన పెట్టిన గింజ

కళ్యాణదుర్గంలో జిరాక్సు అంగడిలో తీయించుకున్న కాగితాన్ని చంద్రమోహన్ కంబదూరు బస్సులో కూర్చున్నాక మూడోసారి చదివాడు. మొదటిసారి చదివినప్పుడే అందులో అర్థం కానిదేమీ లేదు. ముప్పైనాలుగేళ్లు జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పిన మనిషికి రక్తపరీక్ష అంకెలు కొరుకుడు పడకపోవు. పది నెలల మగబిడ్డ. పేరు ఈరన్న. తండ్రి నరసింహప్ప. హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఎనిమిది. పుట్టిన కొత్తలో ఉండి, ఈ వయసుకు దాదాపు కనుమరుగు కావలసిన పసితనపు హిమోగ్లోబిన్ మాత్రం నూటికి తొంభై ఒక్క పాళ్లు. అడుగున ఒకే మాట: థలసీమియా.

ఆ ఇంటికి ఆ మాట కొత్త కాదు. ఈరన్న అక్క అంజలికి ఆరేళ్లు. మూడు వారాలకొకసారి అనంతపురం పెద్దాసుపత్రిలో ఆ పిల్లకు రక్తం ఎక్కించాలి. ఎక్కించిన వారం ఆడుతుంది, రెండో వారం నడుస్తుంది, మూడో వారం గోడకు ఆనుకుని కూర్చుంటుంది. పోయిన వారం అంజలి కోసం వెళ్లినప్పుడే డాక్టరమ్మ చంటివాడి కనురెప్ప కిందికి లాగి చూసి, వాడికీ రక్తం తీయించింది. ఫలితం పంపడానికి ఫోన్ నెంబరు అడిగితే నరసింహప్ప తనది ఇవ్వలేదు.

"మీ నెంబరు రాయించినాను సార్. ఆ ఇంగ్లీషు మాకు యాడ అర్థమైతాది? మీరు చూసి ఒక మాట చెప్తే చాలు," అని ఆ రాత్రే ఫోన్ చేశాడు.

ఆ ఒక మాట చెప్పడానికే చంద్రమోహన్ వెళ్తున్నాడు. ఫోనులో చెప్పడానికి మనసొప్పలేదు. బస్సు కిటికీలోంచి చూస్తే జూన్ మూడో వారమైనా భూమి దున్ని వదిలిన ఎర్రటి గాయంలా ఉంది. మబ్బులు వస్తున్నాయి, గుట్టల మీది గాలిమరలను దాటుకుని కర్ణాటక వైపు పోతున్నాయి. ఇళ్లలో విత్తనం సిద్ధంగా ఉంది. విత్తడానికి నేలలో పదును లేదు.

ఆయనను బాధిస్తున్నది కాగితం మాత్రమే కాదు. కోపం కూడా ఉంది. ఈ బిడ్డ కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకోమని తాను చెప్పాడు. ఎందుకు చేయించుకోలేదు?

నాలుగేళ్ల కిందట, ఇదే విత్తనాల కాలంలో, ఆయన మొదటిసారి ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. అంజలి జబ్బు అప్పుడే బయటపడింది. నరసింహప్ప పెళ్లాడింది సొంత అక్క కూతురు పద్మజను. ఎవడో శాస్త్రం చెప్పేవాడు వచ్చి, వాళ్ల పెద్దలు చూలుతో ఉన్న పామును చంపారనీ, నాగప్రతిష్ఠ చేయించాలనీ, చేయించినా సరే ఈ కడుపున ఇంక బిడ్డలు వద్దనీ చెప్పిపోయాడు. పద్మజ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఆ సంగతి తన పాత విద్యార్థి ఒకడు చెప్పగా చంద్రమోహన్ వచ్చాడు. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆయన ఊరూరా తిరిగి, ఖాళీ చేతిలోంచి విభూతి ఎలా రాలుతుందో, నిప్పుల మీద కాలు ఎందుకు కాలదో చేసి చూపించిన మనిషి. చెబితే నమ్మరు, చూపిస్తే నమ్ముతారన్నది ఆయన అనుభవం.

అందుకని ఆ రోజు కూడా చూపించాడు. అరుగు మీద వేరుశనగ విత్తనం ఏరుతున్న చేటలోంచి నాలుగు గింజలు తీసి వరుసగా పెట్టాడు. మూడు నిండు గింజలు, ఒకటి ముడుచుకుపోయినది.

"మన ఒంట్లో ప్రతి గుణానికీ రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఈ రక్తం సంగతిలో మీ ఇద్దరి దగ్గరా ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉన్నాయి. మంచిది పనిచేస్తుంది కాబట్టి మీకు ఏమీ తెలియలేదు. బిడ్డకు మీరు చెరొకటే ఇస్తారు. ఏది పోతుందో మీ చేతిలో లేదు, ఏ పాము చేతిలోనూ లేదు. రెండు చెడ్డవీ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. ఆ ఒకటీ అంజలికి పడింది. అంతే. ఇందులో పాపం లేదు," అన్నాడు.

అంటూ ముడుచుకుపోయిన గింజను రెండు వేళ్లతో తీసి అరుగు అంచున పెట్టాడు.

నరసింహప్ప తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పద్మజ లేచి వెళ్లి అన్నం పెట్టుకు తిన్నది. నాగప్రతిష్ఠ ఆగిపోయింది. బయల్దేరే ముందు ఆయన మరో మాట కూడా చెప్పాడు: మళ్లీ నెల తప్పితే మూడో నెలలోగా కడుపులోని బిడ్డకు పరీక్ష చేయవచ్చు, బెంగళూరులో చేస్తారు, తనకు ఫోన్ చేస్తే తీసుకువెళ్తాను అని. ఆ సాయంత్రం తిరుగు బస్సులో తన బతుకు వృథా కాలేదని ఆయనకు అనిపించింది. అలా అనిపించిన రోజులు ఆయనకు ఎక్కువ లేవు.

పద్మజ రెండోసారి నెల తప్పిందని ఆలస్యంగా తెలిసి ఆయనే ఫోన్ చేశాడు. "మీరు చెప్పినట్టే అంతా బాగుండాది సార్, ఇంగ భయం లేదు," అన్నాడు నరసింహప్ప. పరీక్ష చేయించారనే ఆయన అనుకున్నాడు. ఎక్కడ చేయించారని అడగలేదు. సాక్ష్యం లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని పిల్లలకు చెప్పిన మనిషి ఆ ఒక్క మాటకు సాక్ష్యం అడగలేదు.

కంబదూరులో దిగి షేర్ ఆటో ఎక్కాడు. వాళ్ల ఊళ్లో దిగి నడుస్తుంటే ఎండ మెడ మీద చేయి వేసినట్టుంది.

నరసింహప్ప ఇంటి అరుగు మీద నాలుగేళ్ల కిందటి దృశ్యమే మళ్లీ పరిచినట్టు కనిపించింది. నరసింహప్ప తల్లి చేట ముందు వేసుకుని విత్తనం ఏరుతోంది. ఆమె పేరే పెద్దక్క. పద్మజకు అత్త, తల్లికి తల్లి కూడా ఆమే. డెబ్బై దాటాయి. కళ్లకు శుక్లాలు వచ్చినా పని ఆగలేదు. వేళ్లే చూస్తాయి. చేటలో గింజలు అలలా కదిలిస్తుంది. ముడుచుకున్నదీ, పురుగు కొట్టినదీ వేలికి తగలగానే బయటకు వస్తుంది, అరుగు అంచు మీద పడుతుంది. అక్కడినుంచి మేకలకు పోతుంది.

"ఏమప్పా సారూ! దేవుడు లేడని సెప్తావు, దేవుని మాదిరే ఏడాదికోపారి కనపడ్తావు," అన్నది పెద్దక్క, అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి.

"దేవుడికైతే కొబ్బరికాయ కొడతారు. నాకు మజ్జిగైనా ఇస్తారా?" అన్నాడు చంద్రమోహన్, అలవాటు కొద్దీ.

"ఇస్తాం పో. ఆయప్ప కంటే నువ్వే మేలు, అడిగి తాగుతావు."

పద్మజ మజ్జిగ తెచ్చింది. పాతికేళ్లు నిండీ నిండని పిల్ల, పదో తరగతి చదివింది. నరసింహప్ప నీళ్ల తొట్టి మీద కూర్చున్నవాడు లేచి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ ఫలితం అడగలేదు. అంజలి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అది మూడో వారం కాదు, రెండోదే. అప్పుడే చెంపల రంగు దిగింది. పొడుచుకొచ్చిన దవడ ఎముకల మధ్య నవ్వు మాత్రం పద్మజదే. గడపకు లోపల చీరతో కట్టిన ఉయ్యాలలో పిల్లవాడు నిద్రపోతున్నాడు. చెవి తమ్మెలు అంటుకుని ఉన్నాయి, నరసింహప్పకు ఉన్నట్టే. అంజలికి విడిగా ఉంటాయి.

ఈ తేడాల గురించి చంద్రమోహన్ తరగతిలో ఎంతో ఇష్టంగా చెప్పేవాడు. బీజకణం తయారయ్యేటప్పుడు ఇరవైమూడు జతలూ విడిపోతాయి, ప్రతి జతలో ఏది ఎటు పోవాలో దేనికది తేల్చుకుంటుంది, ఒక్క మనిషి నుంచే ఎనభైమూడు లక్షల ఎనభైఎనిమిది వేల ఆరువందల ఎనిమిది రకాల బీజాలు పుట్టగలవు అని ఆ అంకెను బోర్డు నిండా రాసేవాడు. జతలు విడిపోయే ముందు ముక్కలు మార్చుకుంటాయి, దాన్నీ కలిపితే లెక్కకు అంతే లేదు అనేవాడు. మీ చేలో వేరుశనగ పువ్వు తన పుప్పొడి తనకే పెట్టుకుంటుంది, అందుకే చేనంతా ఒక్కటే మొక్క, ఒక్క తెగులుకు మొత్తం పోతుంది. మనం అలా పోకుండా ఉన్నది ఈ కలగాపులగం వల్లనే అనేవాడు. పిల్లలు నోరు తెరిచి వినేవారు. ఆ ఎనభైమూడు లక్షల రకాల్లో సరిగ్గా సగం రకాలు నరసింహప్పలో చెడ్డ ప్రతిని మోస్తాయి. పద్మజలోనూ సగం. బోర్డు మీద ఆ సగం గురించి ఆయన ఎప్పుడూ రాయలేదు.

అప్పుడే ఆయన కంటికి ఉయ్యాల తాడు కనిపించింది. తాడుకు పసుపు గుడ్డ మూట ఒకటి, వేలి కణుపంత, ఎర్ర దారంతో గట్టిగా కట్టి ఉంది.

ఆయనకు అంతా అర్థమైందనిపించింది. వీళ్లు పరీక్షకు ఎందుకు పోలేదో, ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో. చేతిలో గ్లాసు కింద పెట్టాడు.

"ఎవడు కట్టాడమ్మా అది?"

పద్మజ ఉయ్యాల వైపు చూసింది.

"వాడే మళ్లీ వచ్చాడా? ఆ పాముల శాస్త్రం వాడు? నేను అంతసేపు కూర్చుని చెప్పింది గాలికి పోయి, ఆ తాయెత్తు నమ్ముకుని కూర్చున్నారా? ఏం నరసింహప్పా, నీకైనా బుద్ధి ఉండొద్దా?"

"అట్ల అనగాకండి సార్," అన్నాడు నరసింహప్ప మెల్లగా. "అది ఎవురూ కట్టింది కాదు. మీరిచ్చిందే."

"నేనా?"

పద్మజ వెళ్లి ఆ మూట విప్పుకొచ్చింది. దారం ముడి పళ్లతో లాగింది. గుడ్డ మధ్యలో ఒక వేరుశనగ గింజ ఉంది. ముడుచుకుపోయి, నల్లబడి, ఎలుక పంటి గాటు పడ్డట్టున్న గింజ.

"ఆ పొద్దు మీరు ఏరి ఆడ పెట్టినారు కదా సార్," అన్నది పద్మజ, అరుగు అంచు చూపిస్తూ. "నేను తీసి దాచినా. మేకలకు ఏస్తే మళ్లీ యాడికన్నా పోతాదేమోనని. నాలుగింట్లో చెడ్డది ఒకటే అన్నారు. అది అంజలితో బయటకొచ్చేసింది. ఇంగ మిగిలిన మూడూ మంచివే కదా అనుకున్నాం. కడుపుతో ఉన్నప్పుడు భయమైతే ఈ మూట తీసి చూసుకునేదాన్ని. ఇది ఈడ ఉండాది, అంటే నా కడుపులో లేదు అని."

"పరీక్ష..."

"బెంగళూరుకు పోదామని నేనే అన్నా సార్," అన్నాడు నరసింహప్ప. "యామె వద్దనింది. సారు ఏరేసిన దాన్ని మళ్లా కుప్పలో ఎతికేదేంది మామా, నగుతారు అనింది. నాకూ సరే అనిపించింది."

చంద్రమోహన్ అరుగు అంచు వైపు చూశాడు. పెద్దక్క ఏరి వేసిన తాలు గింజలు అక్కడ వరుసగా ఉన్నాయి. ఈ నేల మీద విత్తనం ఏరినవాళ్లెవరూ, ఏ కాలంలోనూ, ఏరిన గింజను తిరిగి చేటలో వేయరు. ఒకసారి బయట పడిందంటే ఆ కుప్పకు దాని పీడ వదిలినట్టే. ఇది వీళ్లకు ఎవరూ చెప్పే సంగతి కాదు, వేళ్లకు తెలిసిన సంగతి. అలాంటి వాళ్ల ముందు కూర్చుని, వాళ్ల చేటలోంచే తీసి, ఆయన చెడ్డ గింజను పక్కన పెట్టాడు. తిరిగి కలపలేదు. ప్రతి బిడ్డకూ నాలుగు గింజలూ మళ్లీ మొదటినుంచీ ఉంటాయని నోటితో కూడా అనలేదు. ఆయనకు అది ఎంత తెలిసిన విషయమంటే, చెప్పవలసిన విషయంగా తోచనే లేదు. ఇరవై నాలుగేళ్లు ఊళ్లలో తిరిగి ఎందరి చేతులకో ఉన్న తాయెత్తులు తెంపించిన మనిషి ఈ ఇంటికి తానే ఒకటి ఇచ్చి పోయాడు.

కాగితం జేబులో ఉంది. ఇప్పుడు చెప్పవలసినవి రెండయ్యాయి. ఒకటి చెప్పి రెండోది మింగవచ్చు. వీళ్లు ఆయనను ఏనాటికీ అడగరు. విధి అనుకుంటారు, ఆయన కాదన్న విధినే.

"బిడ్డకు అదే జబ్బు ఉంది," అన్నాడు. "అంజలికి ఉన్నదే."

పద్మజ గుడ్డలో గింజను పట్టుకుని అలాగే నిలబడింది. నరసింహప్ప కూర్చున్నాడు. పెద్దక్క వేళ్లు చేటలో ఆగాయి.

"ఇంకొకటి," అన్నాడు చంద్రమోహన్. "తప్పు నాది. ఆ గింజను నేను పక్కన పెట్టకుండా ఉండాల్సింది. తీసి చూపించి, మళ్లీ కలపాల్సింది. ఏ బిడ్డ పంపకం ఆ బిడ్డదే. ముందు ఏం పడిందో దానికి గుర్తుండదు. నాలుగింట ఒకటి అంటే నలుగురిలో ఒకరికని కాదు. ప్రతిసారీ నాలుగింట ఒకటి. ఆ మాట నేను చెప్పలేదు."



"అంటే మీరు చెప్పింది అబద్ధమా సార్?" అన్నాడు నరసింహప్ప.

"చెప్పింది నిజమే. చూపించింది తప్పు."

"చెప్పింది మాకేం తెలుస్తాది సార్. చూపించిందే చూసినాం." అతని గొంతులో కోపం లేదు, అదే భరించడం కష్టంగా ఉంది. "ఆ శాస్త్రం చెప్పినోడు దొంగనాకొడుకే. కానీ ఇంగ బిడ్డలు వద్దన్నాడు సార్ వాడు."

చంద్రమోహన్ దగ్గర దానికి సమాధానం ఉంది. వాడి కారణం అబద్ధం, ఫలితం యాదృచ్ఛికం. ఆ వాక్యం నాలుక దాకా వచ్చి ఆగింది. నిజమైన కారణం చెప్పిన తన ఫలితం ఉయ్యాలలో ఉంది.

"సారూ," అన్నది పెద్దక్క. "ఈ పిల్లకు అమ్మ నా కూతురు. ఈడు నా కొడుకు. ఇద్దరికీ ఆ సెడు యాడనుంచి వచ్చినట్టు? నాదా, మా ఆయనదా?"

"ఎవరిదో ఒకరిది. చెప్పలేం అవ్వా."

"నా రక్తం తీసి సూడు. తెలుస్తాది కదా?"

"తెలుస్తుంది. కానీ తెలిసి ఏం చేస్తావు? మీకు మీ అమ్మానాయన ఇచ్చారు, వాళ్లకు వాళ్ల అమ్మానాయన. తప్పు ఎవరిదీ కాదు."

"నువ్వు అట్లే అంటావు. ఆ పొద్దూ అట్లే అన్నావు, పాపం లేదని." ఆమె తెల్లబడ్డ కళ్లు ఆయన ముఖానికి కాస్త పక్కగా చూస్తున్నాయి. "మా ఆయన పేరే పెట్టినాం సారూ వీనికి. పేరుతో పాటు ఇది గూడా ఇచ్చిపోయినాడేమో, ముసలోడు."

పద్మజ వచ్చి చేట ముందు కూర్చుంది. మూడు నిండు గింజలు ఏరి ఒళ్లో వేసుకుంది. నల్లబడ్డ గింజను కూడా వాటితో కలిపింది.

"ఎట్ల చూపించాల్నో చెప్పండి సార్. ఈసారి నేను చేస్తా."

"వద్దమ్మా ఇప్పుడు."

"చెప్పండి."

"కళ్లు మూసుకుని ఒకటి తియ్యి. చూడు. మళ్లీ కలుపు. మళ్లీ తియ్యి."

ఆమె గింజలను కొంగులో మూటగట్టి కుదిపి, కళ్లు మూసుకుని తీసింది. నిండు గింజ. కలిపింది. మళ్లీ నిండు గింజ. మూడోసారి నల్లది వచ్చింది. దాన్ని చూసి, కలిపి, చాలాసేపు కుదిపింది. నాలుగోసారి తీసి కళ్లు తెరిచింది. నల్లదే.

"వరసగా రెండుసార్లు వస్తాదా సార్?"

"వస్తుంది."

"మూడోసారి?"

"రావచ్చు. రాకపోవచ్చు."

"దానికి గుర్తే ఉండదు," అన్నది పద్మజ. ఆయన చెప్పిన మాటనే అప్పగించినట్టు అన్నది. ఈ చిన్న విషయం నాలుగేళ్ల కిందట ఈ పిల్లకు అర్థం కావడానికి ఇంతసేపే పట్టేది.

అంజలి గోడ దగ్గరినుంచి లేచి వచ్చి నాయన భుజం పట్టుకుంది.

"నాయనా, తమ్మునికి గూడా రక్తం ఎక్కిస్తారా?"

"ఊఁ."

"నాతోబాటేనా?"

"నీతోబాటే."

"ఐతే కిటికీ కాడి మంచం అడుగు. ఆడైతే గాలొస్తాది. ఇద్దరికీ ఒకటే మంచం చాలు."

నరసింహప్ప లేచి ఆ పిల్ల తల తన పొట్టకు అదుముకుని, అటు తిరిగి మబ్బులను చూస్తున్నట్టు నిలబడ్డాడు. వచ్చేది కాక ఆపై గురువారం అంజలి వంతు. తానూ ఆసుపత్రికి వస్తానని, ఏ మాత్రలు, ఏ వయసులో మొదలుపెట్టాలో డాక్టరమ్మతో కూర్చుని మాట్లాడతానని చంద్రమోహన్ అన్నాడు. "రండి సార్," అన్నాడు నరసింహప్ప. రావద్దని అనలేదు, దానికే ఆయన కృతజ్ఞుడయ్యాడు.

పద్మజ కొంగు విప్పింది. నాలుగు గింజలనూ ఒకదాని వెంట ఒకటి చేటలో కుమ్మరించింది. నల్లది కూడా. పసుపు గుడ్డను మడిచి జాకెట్టులో దోపుకుని, లేచిన పిల్లవాడిని ఎత్తుకోవడానికి లోపలికి వెళ్లింది.

పెద్దక్క చేతులు మళ్లీ కదిలాయి. గింజలు అలలా ఇటూ అటూ పోయాయి. రెండు మూడుసార్లు కదిలించేసరికి ఆ గింజ ఆమె వేలికి తగిలింది. అది ఏ గింజో ఆమెకు తెలియదు. తీసి అరుగు అంచున పెట్టింది.

చంద్రమోహన్ దాన్ని మళ్లీ చేటలో వేయాలనుకున్నాడు. చేయి ముందుకు చాచాడు కూడా. లోపల పిల్లవాడు సన్నగా, ఊపిరి చాలనట్టు ఏడవడం మొదలుపెట్టాడు. పెద్దక్క ఏరుతూనే ఉంది.